గలీనా వెళ్తే షాపులు ఆఖరికి: ఆ ఊరు సరిగ్గా చూసే పద్ధతి, మొదట్నుంచీ చివరిదాకా

షికాగో చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళలో లాంగ్ వీకెండ్ దగ్గరపడితే వినబడే పేర్లు కొన్నే. విస్కాన్సిన్ డెల్స్, లేక్ జెనీవా, మిల్వాకీ, ఆ తర్వాత ఎవరో ఒకరు గలీనా అంటారు. వెళ్ళొచ్చినవాళ్ళలో చాలామంది "బాగానే ఉంది కానీ ఒక్క వీధే కదా, షాపులు తప్ప ఏముంది" అని తేల్చేస్తారు. వాళ్ళు చెప్పేది అబద్ధం కాదు. పొద్దున్నే బయల్దేరి మూడు గంటలు డ్రైవ్ చేసి, మెయిన్ స్ట్రీట్‌లో పార్కింగ్ కోసం చక్కర్లు కొట్టి, ఫడ్జ్ కొని, నాలుగు ఫోటోలు దిగి, చీకటి పడకముందే తిరుగుముఖం పడితే కనబడేది షాపులే.

ఈ ఊరు నది దగ్గర మొదలై మెట్లు మెట్లుగా కొండ మీదికి పాకుతుంది. కాబట్టి చూడటం కూడా నది దగ్గరే మొదలుపెట్టి పైకి వెళ్ళాలి, ఒక రాత్రి అక్కడే ఉండాలి, షాపింగ్ సంగతి అన్నీ అయ్యాక చూసుకోవాలి. ఈ వరుస పాటిస్తే అదే ఊరు వేరేలా కనబడుతుంది. ఎలా వెళ్ళాలో, ఏది ముందు ఏది వెనక చూడాలో, ఏది వదిలేసినా ఫరవాలేదో కింద రాస్తున్నాను.

1. బయల్దేరే ముందు ఊరి కథ తెలుసుకోండి

ఇది లేకపోతే మిగతాదంతా పాత ఇటుక గోడలే. కారులో వెళ్తూ పిల్లలకి చెప్పేయొచ్చు, పది నిమిషాల పని.

గలీనా ఇల్లినాయ్ రాష్ట్రానికి వాయవ్య మూలన, జో డేవిస్ కౌంటీలో ఉంది. ఇప్పుడు జనాభా మూడు వేల పైచిలుకు, అంతే. కానీ 19వ శతాబ్దం మధ్యలో షికాగో ఇంకా ఎదుగుతున్న రోజుల్లో, మిసిసిపీ ఎగువ భాగంలో సెయింట్ లూయీ దాటాక పెద్ద రేవు ఇదే. దానికి కారణం సీసం. సీసపు ముడి ఖనిజం పేరే ఊరికి పెట్టారు. యూరప్ వాళ్ళు రాకముందు నుంచే మెస్క్వాకీ, సాక్, హో-చంక్ జాతులవాళ్ళు ఇక్కడ సీసం తవ్వేవాళ్ళు, ఆ పనిలో ఆడవాళ్ళ పాత్ర చాలా ఎక్కువ. 1820లలో తెల్లవాళ్ళు ఎగబడి వచ్చారు. 1822లో కెంటకీ నుంచి జేమ్స్ జాన్సన్ అనే ఆయన గనుల లీజు తీసుకుని బానిసలని కూడా వెంట తెచ్చి పని చేయించాడు, ఇల్లినాయ్ బానిసత్వం లేని రాష్ట్రమని పేరున్నా సరే. ఊళ్ళో అందమైన బోర్డుల మీద ఈ ముక్క అంతగా కనబడదు, అందుకే చెప్తున్నాను.

1845 నాటికి అమెరికాలో తీసే సీసంలో 80 శాతానికి పైగా ఈ చుట్టుపక్కల నుంచే వచ్చేది. తుపాకి గుళ్ళు, పెయింటు, పైపులు, అచ్చు అక్షరాలు, అన్నిటికీ సీసమే మరి. డబ్బు వచ్చింది, డబ్బుతో పాటు పెద్ద పెద్ద ఇళ్ళు లేచాయి.

తర్వాత అన్ని దెబ్బలూ ఒకదాని వెనక ఒకటి తగిలాయి. పైపైన సులువుగా దొరికే ఖనిజం తగ్గిపోయింది. 1849లో కాలిఫోర్నియాలో బంగారం అనేసరికి గని కూలీలు చాలామంది అటు పరిగెత్తారు. సీసం కరిగించే కొలుములకి కట్టెల కోసం చుట్టూ కొండల మీద చెట్లన్నీ నరికేశారు, దాంతో మట్టి కొట్టుకొచ్చి నది పూడిపోయింది. 1850లలో ఇల్లినాయ్ సెంట్రల్ రైలు వచ్చి, ఇక్కడ ఆగిపోకుండా మిసిసిపీ ఒడ్డు దాకా వెళ్ళిపోయింది, ఇక రేవుతో ఎవరికి పని? ఊరికి డబ్బు అయిపోయింది. పాతవి కూలగొట్టి కొత్తవి కట్టే స్తోమత ఎవరికీ లేకపోయింది కాబట్టే ఆ ఇళ్ళన్నీ అలాగే నిలబడ్డాయి. 1960ల తర్వాత షికాగో నుంచి వచ్చిన కళాకారులూ, పాత కట్టడాల మీద మోజున్నవాళ్ళూ వాటిని కొని బాగుచేయడం మొదలుపెట్టారు. 1969లో ఊళ్ళో చాలా భాగం జాతీయ చారిత్రక స్థలాల జాబితాలోకి ఎక్కింది. ఇవాళ మనం చూసే అందమంతా ఒకప్పటి లేమి కాపాడిపెట్టినదే.

2. ఎప్పుడు వెళ్ళాలి

అక్టోబరు మధ్యలో ఆకులు రంగు మారతాయి, అది అందరికీ తెలుసు, అందుకే అందరూ అప్పుడే వస్తారు. పైగా కొలంబస్ డే వారాంతంలో గ్రాంట్ పార్కులో కంట్రీ ఫెయిర్ జరుగుతుంది. సంత లాంటి సందడి ఇష్టమైతే ఆ వారాంతమే ఎంచుకోండి, కానీ గది చాలా ముందే బుక్ చేయాలి, ఊళ్ళోకి కారు పోవాలంటే ఓపిక కావాలి. రంగులు కావాలి, జనం వద్దు అంటే అక్టోబరులోనే మంగళ, బుధవారాలు చూసుకోండి. కాకపోతే ఇక్కడొక మెలిక ఉంది: దేశాధ్యక్షుడు యులిసీస్ గ్రాంట్ ఇల్లు, డౌలింగ్ హౌస్ అనే పాత రాతి ఇల్లు లాంటివి వారం పొడుగునా తెరిచి ఉండవు, చలికాలంలో వేళలు ఇంకా తగ్గుతాయి. కాబట్టి ముందు వాటి వేళలు ఆన్‌లైన్‌లో చూసి, ఆ తర్వాతే గది బుక్ చేయండి. ఈ రెండూ తారుమారు చేస్తే తాళం వేసిన తలుపు ముందు ఫోటో దిగి రావాలి.

నా ఓటు మే నెలాఖరుకి, లేదంటే సెప్టెంబరుకి. నడవడానికి వాతావరణం బాగుంటుంది, చూడాల్సినవన్నీ తెరిచే ఉంటాయి. డిసెంబరు మధ్యలో ఒక శనివారం రాత్రి ఊరంతా మెట్ల మీద, కాలిబాటల పక్కన వేలకొద్దీ కాగితపు సంచుల్లో కొవ్వొత్తులు వెలిగిస్తారు, దాన్ని లూమినారియా రాత్రి అంటారు. మన దీపావళికి అలవాటుపడిన కళ్ళకి కూడా అది బాగుంటుంది. చలి మాత్రం మామూలుగా ఉండదు, మెట్ల మీద మంచు పేరుకుంటే పెద్దవాళ్ళకి ప్రమాదం. జనవరి, ఫిబ్రవరి స్కీయింగ్ కోసమైతే సరే, ఊరు చూడటానికైతే వద్దు.

3. ఎక్కడ దిగాలి

మూడు దారులున్నాయి, మీతో ఎవరు వస్తున్నారన్నదాన్ని బట్టి ఎంచుకోండి.

భార్యాభర్తలిద్దరే అయితే ఊరి నడిబొడ్డున మెయిన్ స్ట్రీట్‌లో ఉన్న డిసోటో హౌస్ హోటల్ చూడండి. 1855లో తెరిచారు, ఇల్లినాయ్‌లో ఇప్పటికీ నడుస్తున్న హోటళ్ళలో ఇదే పాతది. 1856 జులైలో ఈ హోటల్ బాల్కనీ నుంచే అబ్రహాం లింకన్ ఉపన్యాసం ఇచ్చాడు. 1868 అధ్యక్ష ఎన్నికల్లో గ్రాంట్ ప్రచార కార్యాలయం కూడా ఇదే. మొదట్లో ఐదంతస్తులు ఉండేది, వ్యాపారం తగ్గాక 1880లో పై రెండూ తీసేశారు. ఊరు ఎలా ఎక్కి ఎలా దిగిందో ఆ ఒక్క భవనం చూస్తే చాలు. పాత ఇళ్ళని బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్టులుగా మార్చినవి కూడా చాలా ఉన్నాయి, వాటిలో కొన్ని పిల్లల్ని రానివ్వవు, బుక్ చేసేముందు అడగండి.

రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్తే ఊరికి తూర్పున కొన్ని మైళ్ళ దూరంలో గలీనా టెరిటరీ అనే చోట చెరువు చుట్టూ అద్దె ఇళ్ళు దొరుకుతాయి. మనవాళ్ళు ఎక్కువగా తీసుకునేవి అవే, ఎందుకంటే వంటగది ఉంటుంది. రైస్ కుక్కర్ వెంట పట్టుకెళ్తే భోజనాల టెన్షన్ సగం తీరిపోతుంది.

ఖర్చు తగ్గాలంటే అయోవాలోని డుబ్యూక్‌లో మామూలు చెయిన్ హోటళ్ళున్నాయి, గలీనాకి పదిహేను మైళ్ళు అటూ ఇటూ. సౌకర్యమే, కానీ సాయంత్రం డే ట్రిప్ జనం వెళ్ళిపోయాక గలీనా వీధుల్లో తిరిగే అవకాశం పోతుంది. నన్నడిగితే ఆ సాయంత్రం కోసమే అక్కడ రాత్రి ఉండమంటున్నది.

4. దారి

షికాగో నుంచి సుమారు 160 మైళ్ళు, మూడు గంటలు. రైలు లేదు, కారే గతి. షాంబర్గ్ వైపు నుంచైతే ఐ-90 మీద రాక్‌ఫర్డ్ దాకా వెళ్ళి అక్కడ యూఎస్-20 పట్టుకుని పడమరకి. నేపర్‌విల్, అరోరా వైపు వాళ్ళు ఐ-88 మీద వెళ్ళి ఐ-39 ఎక్కి ఉత్తరానికి వచ్చి అదే యూఎస్-20లో కలవొచ్చు. టోల్ కోసం ఐ-పాస్ ఉంటుంది కదా, లేకపోతే తర్వాత ఆన్‌లైన్‌లో కట్టడం మర్చిపోకండి.

ఫ్రీపోర్ట్ దాటేదాకా దారి బల్లపరుపుగా, రెండు పక్కలా మొక్కజొన్న చేలే. ఆ ఫ్రీపోర్ట్‌లోనే 1858 ఆగస్టు 27న, సెనేట్ సీటు కోసం పోటీపడ్డ లింకన్, డగ్లస్‌ల రెండో బహిరంగ వాదన జరిగింది, ఆ చోట విగ్రహాలున్నాయి. కాళ్ళు చాపుకోవడానికి ఆగాలంటే మంచి చోటు. స్టాక్టన్ దాటాక రోడ్డు ఒక్కసారిగా ఎత్తుపల్లాలు మొదలవుతుంది, ఇల్లినాయ్‌లో ఇన్నేళ్ళున్నా కొండ చూడనివాళ్ళు ఇక్కడ కిటికీలు దించుతారు. మంచుయుగంలో హిమానీనదాలు చుట్టుపక్కలంతా చదును చేసేసినా ఈ ముక్కని మాత్రం వదిలేశాయి. డ్రిఫ్ట్‌లెస్ ప్రాంతం అంటారు దీన్ని.

అక్కడి నుంచి చాలావరకు రెండు వరుసల రోడ్డు, మలుపులు, లోయలు. ముందున్న ట్రాక్టరుని దాటేయాలని తొందరపడకండి. మ్యాపు ఫోన్‌లో ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, లోయల్లో సిగ్నల్ పోతుంది.

5. కారు ఆపేసి నది దగ్గర మొదలుపెట్టండి

ఊరికి చేరగానే అందరూ మెయిన్ స్ట్రీట్‌లోకి తిప్పుతారు. మీరు తిప్పకండి. నదికి తూర్పు ఒడ్డున, పాత రైల్వే డిపో, గ్రాంట్ పార్కు ఉన్న వైపు కారు పెట్టి, బోర్డు మీద గంటల పరిమితి ఏమైనా రాసి ఉందేమో చూసుకుని, ఇక సాయంత్రం దాకా తాళాలు జేబులోనే ఉంచండి. నది మీద నడక వంతెన ఉంది, అవతలే బజారు.

ముందు నదిని చూడండి. ఇదా రేవు అనిపిస్తుంది, ఎందుకంటే ఇప్పుడు పంట కాలవంత ఉంటుంది. ఒకప్పుడు ఇక్కడే స్టీమర్లు బారులు తీరి ఆగేవి. పూడిక అంటే ఏమిటో పిల్లలకి చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. నది చిన్నదైపోయినా వరదలు మాత్రం ఆగలేదు, అందుకే 1951లో కరకట్ట, దానికి వరద గేట్లు కట్టారు. యూఎస్-20 నుంచి మెయిన్ స్ట్రీట్‌లోకి వెళ్ళే మొగదల దగ్గర కనబడే ఆ పెద్ద ఆకుపచ్చ గేట్లు అవే. నీళ్ళు పెరిగితే వాటిని మూసేస్తారు. చాలామంది వాటిని ఊరి స్వాగత ద్వారం అనుకుని ఫోటో దిగుతుంటారు.

గ్రాంట్ పార్కులో 1891లో పెట్టిన గ్రాంట్ విగ్రహం ఉంది. గుర్రం మీద కత్తి ఝుళిపిస్తూ కాదు, మామూలు బట్టల్లో, ఊళ్ళో మనిషిలా నిలబెట్టారు. అది కావాలనే చేశారు, ఎందుకో వచ్చే భాగం చదివితే తెలుస్తుంది.

6. గ్రాంట్ ఇల్లు: దీనికి పూర్తి గంటన్నర ఇవ్వండి

యులిసీస్ గ్రాంట్ అంటే మనలో చాలామందికి యాభై డాలర్ల నోటు మీద గడ్డం మనిషి. 1860లో ఈ ఊరికి వచ్చేసరికి ఆయన దాదాపు ఓడిపోయిన మనిషి. సైన్యంలో ఉద్యోగం వదిలేశాడు, వ్యవసాయం కలిసిరాలేదు, పెళ్ళాంపిల్లల్ని పోషించుకోవడానికి నాన్న తోలు సరుకుల దుకాణంలో తమ్ముళ్ళ దగ్గర గుమస్తాగా చేరాడు. కొండ మీద హై స్ట్రీట్‌లో అద్దె ఇల్లు, రోజూ మెట్లు దిగి దుకాణానికి, మెట్లెక్కి ఇంటికి. ఏడాది తిరిగేసరికి, 1861 ఏప్రిల్‌లో అంతర్యుద్ధం మొదలైంది. ఊళ్ళో యుద్ధంలో పనిచేసిన అనుభవం ఉన్నవాళ్ళు తక్కువ, ఈయనకి ఉంది. కుర్రాళ్ళకి కవాతు నేర్పించాడు, స్థానిక కాంగ్రెస్ సభ్యుడు ఎలైహు వాష్‌బర్న్ ఈయన్ని పట్టుబట్టి పైకి తెచ్చాడు. మూడేళ్ళకి మొత్తం ఉత్తరాది సైన్యాలకి అధిపతి, ఎనిమిదేళ్ళు తిరక్కుండా దేశాధ్యక్షుడు.

యుద్ధం గెలిచి 1865 ఆగస్టు 18న ఊరికి తిరిగొస్తే గలీనా పెద్దలు కొందరు కలిసి కొని ఇచ్చిన ఇల్లు ఇది. ఇటుకలతో 1860లో కట్టినది, 2,500 డాలర్లకి కొన్నారు. దీని వెనక ఒక సరదా కథ ఉంది. యుద్ధం జరుగుతుండగా ఎవరో మీకు రాజకీయాల్లో ఏం కావాలని ఉంది అనడిగితే, గలీనా మేయర్‌నై మా ఇంటి దాకా కాలిబాట వేయించుకుంటే చాలు అన్నాడట. ఆయన తిరిగొచ్చిన రోజున మెయిన్ స్ట్రీట్‌లో కట్టిన తోరణం మీద "జనరల్, కాలిబాట వేసేశాం" అని రాసిపెట్టారు.

లోపలికి గైడుతోనే వెళ్ళాలి. కుటుంబం వాడిన అసలు కుర్చీలు, బల్లలు, పింగాణీ గిన్నెలు చాలావరకు అక్కడే ఉన్నాయి, ఎందుకంటే 1904లో పిల్లలే ఇంటిని ఊరికి ఇచ్చేశారు, 1931లో రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చింది. గైడుని రెండు ప్రశ్నలు అడగండి. ఒకటి, అధ్యక్షుడయ్యాక ఆయన ఇక్కడ నిజంగా ఎన్నాళ్ళున్నాడని. పదవీకాలంలో చాలా తక్కువ, దిగిపోయాక ప్రపంచయాత్ర ముగించుకుని 1879 నవంబరులో వచ్చి కొద్దికాలం, అంతే, 1881కల్లా న్యూయార్క్‌లో స్థిరపడ్డాడు. రెండోది ఆ ప్రపంచయాత్ర గురించి. అదే ఏడాది మొదట్లో ఆయన బొంబాయిలో దిగి ఆగ్రా, ఢిల్లీ, కాశీ, కలకత్తా చూసి వెళ్ళాడు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి ఈ ఒక్క ముక్క చెప్తే అప్పటిదాకా ఊరికే తలూపుతున్నవాళ్ళు ఇంట్లో వస్తువుల వైపు పరీక్షగా చూడటం మొదలుపెడతారు.

ఆవరణలో భార్య జూలియా విగ్రహం ఉంది, దాన్ని దాటేసి పోకండి. బయట గడ్డి మీద నిలబడి అవతలి ఒడ్డుకి చూస్తే ఊరంతా ఒకేసారి కనబడుతుంది, బెజవాడలో కృష్ణ ఒడ్డు నుంచి కొండ మీద ఇళ్ళు వరసలు వరసలుగా కనబడినట్టు. వీధులు ఎలా పైకి వెళ్తున్నాయో ఇక్కడే గుర్తుపెట్టుకోండి, మధ్యాహ్నం పనికొస్తుంది.

7. వంతెన దాటి కామర్స్ స్ట్రీట్, ఆ తర్వాతే మెయిన్ స్ట్రీట్

నది పక్కనున్న మొదటి వీధి కామర్స్ స్ట్రీట్. 1845-46లో కట్టిన పాత మార్కెట్ హౌస్ ఇక్కడుంది. కూరగాయలు, మాంసం అమ్మిన చోటు, ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వం సంరక్షిస్తోంది.

దానికి దగ్గర్లోనే పోస్టాఫీసు. దీన్ని ఎవరూ పట్టించుకోరు, నాకు మాత్రం ఊళ్ళో అన్నిటికంటే ఆసక్తికరమైన కట్టడం ఇదే. 1850ల చివర్లో కస్టమ్స్ హౌస్, పోస్టాఫీసు కలిపి కట్టారు, సముద్రానికి ఇంత దూరాన కస్టమ్స్ ఆఫీసు ఉందంటేనే రేవు ఎంత పెద్దదో ఊహించుకోవచ్చు. పనులు చూసిన ఇంజనీరు ఈలీ పార్కర్, సెనెకా జాతివాడు. లా చదివినా, అమెరికా పౌరుడు కాదన్న కారణంతో ప్రాక్టీసు చేయనివ్వలేదు, అందుకే ఇంజనీరయ్యాడు. ఇక్కడ పనిచేస్తున్నప్పుడే గ్రాంట్‌తో స్నేహమైంది. 1865 ఏప్రిల్ 9న అపొమాటక్స్‌లో దక్షిణాది సేనాని జనరల్ లీ లొంగిపోయినప్పుడు, ఆ షరతుల కాగితం సాపు ప్రతి రాసింది ఈ పార్కరే. తర్వాత గ్రాంట్ ప్రభుత్వంలో ఇండియన్ వ్యవహారాల కమిషనర్ అయ్యాడు, ఆ పదవిలో కూర్చున్న మొదటి ఆదివాసీ. పోస్టాఫీసు ఇప్పటికీ పోస్టాఫీసే, లోపలికి వెళ్ళి ఒక కార్డు కొని ఇంటికి పోస్టు చేయండి.

ఈ చిన్న ఊరి నుంచి అంతర్యుద్ధంలో తొమ్మిది మంది జనరల్స్ వచ్చారు, వాళ్ళలో గ్రాంట్, పార్కర్ ఇద్దరూ ఉన్నారు. ఊళ్ళో ఈ మాట మీకు చాలాసార్లు వినిపిస్తుంది.

ఇప్పుడు మెయిన్ స్ట్రీట్. నది వంపుతో పాటే వంపు తిరిగి ఉంటుంది, అందుకే ఎక్కడ నిలబడినా వీధి చివర కనబడదు. షాపుల అద్దాల్లోకి కాకుండా మొదటి, రెండో అంతస్తుల వైపు తలెత్తి నడవండి, పాత కిటికీలు, ఇనుప నగిషీలు అన్నీ పైనే ఉన్నాయి. కింద ఏముంటాయో మీకు తెలిసినవే: పాప్‌కార్న్, ఫడ్జ్, కొవ్వొత్తులు, బొమ్మలు, రకరకాల సాసులు. కొన్ని సాసుల కొట్లు ముక్కలు అద్దుకుని రుచి చూడనిస్తాయి, "ఎక్స్‌ట్రా హాట్" అని రాసినవి గుంటూరు వాళ్ళు నవ్వేసేంత చప్పగా ఏమీ ఉండవు, కాస్త జాగ్రత్త. కొనాలనిపిస్తే రేపు కొందురుగాని, సంచులు మోస్తూ మెట్లెక్కలేరు.

8. మెట్లెక్కి పై వీధులకి

మధ్యాహ్నం ఎండ తగ్గాక ఈ పని. మెయిన్ స్ట్రీట్ మీద బెంచ్ స్ట్రీట్, దాని మీద ప్రాస్పెక్ట్ స్ట్రీట్. మధ్యలో నిటారుగా మెట్లు. బెంచ్ స్ట్రీట్ నిండా చర్చిలు, పాత అగ్నిమాపక కేంద్రం, 1908 నాటి లైబ్రరీ. 1848లో కట్టిన గ్రేస్ ఎపిస్కోపల్ చర్చి కోసం కొండ రాయిని చెక్కి చోటు చేశారు.

ఊరి కథకి సంబంధించిన మ్యూజియంకి వెళ్తే అక్కడ థామస్ నాస్ట్ వేసిన పెద్ద తైలవర్ణ చిత్రం చూడండి. లీ లొంగిపోయిన దృశ్యం, గోడంత ఉంటుంది. గనుల గురించి వివరంగా తెలుసుకోవాలన్నా అదే చోటు.

పాత హైస్కూలు గడియారం ఉన్న భవనం పక్కన పొడవైన మెట్ల వరస ఉంది, ఊళ్ళో పెద్ద మెట్లు అవే. ఎక్కితే ఊరు, నది, అవతల గ్రాంట్ ఇల్లు అన్నీ కాళ్ళ కింద ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని ఎక్కించకండి, వాళ్ళని కారులో చుట్టూ తిప్పి ప్రాస్పెక్ట్ స్ట్రీట్‌లో దింపండి, కనబడేది అదే దృశ్యం. లేదా అంతా కూర్చునే చూడాలంటే ట్రాలీ బండి ఎక్కించండి, మెయిన్ స్ట్రీట్ నుంచే బయల్దేరుతుంది, డ్రైవరే కబుర్లు చెప్తూ పై వీధులన్నీ తిప్పుతాడు. డెబ్బై దాటిన అమ్మానాన్నలతో వెళ్తే ఈ బండే మొదట, మిగతావి ఓపికని బట్టి.

ఓపిక మిగిలితే డయాగనల్ స్ట్రీట్‌లో డౌలింగ్ హౌస్‌కి వెళ్ళండి. 1826లో సున్నపురాయితో కట్టిన చిన్న ఇల్లు, ఊళ్ళో రాతి కట్టడాల్లో ఇదే పాతది. కింద కొట్టు, పైన కాపురం. అదే రోజు బెల్వెడీర్ మాన్షన్ కూడా చూసినవాళ్ళకి తేడా బాగా తెలుస్తుంది: అది 1857లో స్టీమర్ల యజమాని రస్సెల్ జోన్స్ కట్టుకున్న 22 గదుల భవంతి. ముప్ఫై ఏళ్ళలో ఊరు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళిందో ఈ రెండిళ్ళూ చెప్తాయి. ఒక్కటే చూడాలంటే డౌలింగ్ చూడండి, పెద్ద భవంతులు ఎక్కడైనా చూడొచ్చు. వాష్‌బర్న్ ఇల్లు కూడా ఉంది, 1868 ఎన్నికల ఫలితాలు టెలిగ్రాఫ్ మీద వస్తుంటే గ్రాంట్ కూర్చుని విన్నది ఆ ఇంటి లైబ్రరీలోనే, కానీ అది ఎప్పుడు పడితే అప్పుడు తెరవరు.

9. తిండి సంగతి

మాంసాహారులకి ఇబ్బందేమీ లేదు. శాకాహారులకి పిజ్జా, పాస్తా, సలాడ్, ఇంకా ఏదైనా అంటే మెక్సికన్, అంతే. ఇండియన్ భోజనం మీద ఆశ పెట్టుకుని వెళ్ళకండి. ఇంటి నుంచి పులిహోర, చపాతీలు, పెరుగన్నం తెచ్చుకోండి. గ్రాంట్ పార్కులో నది పక్కన కూర్చుని తింటే దానంత హాయి రెస్టారెంటులో లేదు. శనివారం సాయంత్రం బయట తినాలంటే మాత్రం టేబుల్ ముందే రిజర్వు చేయండి, వీధిలో ఉన్నవాళ్ళందరికీ ఒకేసారి ఆకలేస్తుంది. ఇంకో సంగతి, చాలా కొట్లు సాయంత్రం ఐదింటికో ఆరింటికో మూసేస్తారు, రాత్రి తొమ్మిదింటికి పాల ప్యాకెట్టు కోసం మెయిన్ స్ట్రీట్‌లో వెతక్కండి. చంటిపిల్లలుంటే ముందే సర్దుకోండి.

10. రెండో రోజు: ఒక్కటే ఎంచుకోండి

అన్నీ చుట్టేద్దామని బయల్దేరితే రోజంతా కారులోనే గడుస్తుంది. మీ ఇంటివాళ్ళ ఇష్టాన్ని బట్టి ఒకటి పెట్టుకోండి.

పిల్లలుంటే డుబ్యూక్. మిసిసిపీ నది మ్యూజియం, అక్వేరియం ఉన్నాయి, మూడు గంటలు సులువుగా గడుస్తాయి. అక్కడే ఫెనెలాన్ ప్లేస్ ఎలివేటర్ అని కొండ మీదికి లాగే చిట్టి రైలు పెట్టె ఉంది. 1882లో ఒక బ్యాంకరు మధ్యాహ్నం ఇంటికెళ్ళి భోంచేసి కునుకు తీయాలంటే కొండ చుట్టూ తిరిగి వెళ్ళడానికే టైమంతా అయిపోతోందని కట్టించుకున్నాడు! పొడవు 296 అడుగులు, ఎక్కే ఎత్తు 189 అడుగులు. పైనుంచి మూడు రాష్ట్రాలు కనబడతాయి. చలికాలంలో నడవదు.

నడక, ప్రకృతి ఇష్టమైతే కాస్పర్ బ్లఫ్. మిసిసిపీ మీదికి తొంగిచూసే గట్టు, దాని మీద వెయ్యేళ్ళకి పైబడిన ఆదివాసీల మట్టి దిబ్బలు, వాటిలో ఒకటి రెక్కలు చాచిన పక్షి ఆకారం. పైనుంచి కాక నేల మీద నిలబడి చూస్తే ఆకారం వెంటనే తెలియదు, బోర్డు మీది బొమ్మ చూసి గట్టుని పోల్చుకోవాలి. దిబ్బల మీదికి ఎక్కకండి, పిల్లల్నీ ఎక్కనివ్వకండి, అవి పూర్వీకుల పవిత్ర స్థలాలు. టైము తక్కువుంటే యూఎస్-20 పక్కనే ఉన్న హార్స్‌షూ మౌండ్ చాలు, అరగంటలో చూసి రావచ్చు.

చరిత్ర మీద మనసు పోతే తిరుగు దారిలో ఎలిజబెత్ అనే ఊళ్ళో యాపిల్ రివర్ కోట. 1832 బ్లాక్ హాక్ యుద్ధంలో జూన్ 24న దీని మీద దాడి జరిగింది, లోపల ఆడవాళ్ళు సీసం కరిగించి గుళ్ళు పోస్తూ, తుపాకులు నింపి ఇస్తూ నిలబడ్డారు. ఇప్పుడున్నది తిరిగి కట్టిన కోట. ఆ యుద్ధం ఎందుకొచ్చిందంటే సాక్, మెస్క్వాకీల భూముల మీదికి గనులవాళ్ళు, రైతులు పొంగుకొచ్చారు కాబట్టి. అది మనసులో పెట్టుకుని గైడు మాటలు వినండి.

ఇల్లినాయ్‌లో అన్నిటికంటే ఎత్తయిన చోటు, చార్ల్స్ మౌండ్, కూడా ఈ కౌంటీలోనే ఉంది. ఎత్తు 1,235 అడుగులు, ఎక్కినా ఎక్కినట్టుండదు. ఎవరిదో సొంత భూమి, జూన్ నుంచి సెప్టెంబరు దాకా నెలకొక్క వారాంతమే, మొదటి పూర్తి వారాంతంలో, జనాన్ని రానిస్తారు. రాష్ట్రాల శిఖరాలు లెక్కేసుకుంటూ తిరిగేవాళ్ళకి తప్ప మిగతావాళ్ళకి అక్కర్లేదు.

11. తిరుగు ప్రయాణం

షాపింగ్ మిగిలిపోతే రెండో రోజు పొద్దున్నే, డే ట్రిప్ కార్లు దిగకముందు, మెయిన్ స్ట్రీట్‌లో గంటలో ముగించేయండి. సాయంత్రం చీకటి పడేలోపు కనీసం ఫ్రీపోర్ట్ దాటేటట్టు బయల్దేరాలి, ఎందుకంటే ఆ కొండదారిలో సంధ్యవేళ లేళ్ళు రోడ్డు మీదికి వచ్చేస్తాయి, అక్టోబరు, నవంబరుల్లో ఇంకా ఎక్కువ. ఒకటి దాటిందంటే వెనకే ఇంకోటి ఉంటుంది, వేగం పెంచకండి. పెట్రోలు గలీనాలోనే పోయించుకోండి. అరోరా వైపు వెళ్ళేవాళ్ళకి దారిలోనే బాలాజీ గుడి తగులుతుంది, మూసే టైముకి ముందు చేరితే దర్శనం, క్యాంటీన్ ఉంటే దోసె, రెండూ అయిపోతాయి.